కొన్నది హార్ట్‌ఫర్డ్, పేరు వాలెస్‌ది

2023 సెప్టెంబరులో లండన్‌లో ఒక పెయింటింగ్ రెండు కిలోమీటర్ల పైచిలుకు దూరం వెళ్ళింది. అంతమాత్రానికే అది వార్త అయింది. మాంచెస్టర్ స్క్వేర్‌లోని వాలెస్ కలెక్షన్ నుంచి బయలుదేరి ట్రఫాల్గర్ స్క్వేర్‌లోని నేషనల్ గ్యాలరీ చేరిన ఆ బొమ్మను డచ్ చిత్రకారుడు ఫ్రాన్స్ హాల్స్ 1624లో వేశాడు. 'లాఫింగ్ కవలియర్' అని పేరు. నిజానికి అందులోని యువకుడు నవ్వడు. మీసం చాటున నవ్వీ నవ్వనట్టు మనవైపు చూస్తుంటాడు, అంతే. వాలెస్ కలెక్షన్ 1900లో మ్యూజియంగా తలుపులు తెరిచిన తర్వాత ఆ బొమ్మ ఇంకొకరి ప్రదర్శనకు అరువు వెళ్ళడం అదే మొదటిసారి.

ఎందుకు అన్నేళ్ళు కదల్లేదు అని అడిగితే వీలునామా అంటారు. ఎవరి వీలునామా అంటే లేడీ వాలెస్‌ది. సరే, బొమ్మ కొన్నది ఆవిడేనా అంటే కాదు, భర్త కూడా కాదు. కొన్నది నాలుగో మార్క్వెస్ ఆఫ్ హార్ట్‌ఫర్డ్ అనే ప్రభువు. ఆయన పేరు మ్యూజియం బోర్డు మీద లేదు, హార్ట్‌ఫర్డ్ హౌస్ అనే ఆ భవనం పేరులో మాత్రం ఉంది. ఈ చిక్కుముడి విప్పాలంటే ముందు ఇంగ్లండులో బిరుదులూ ఆస్తులూ ఎలా చేతులు మారతాయో చూడాలి.

బిరుదు ఒక దారి, ఆస్తి ఇంకో దారి

బ్రిటిష్ ప్రభువుల్లో ఐదు అంతస్తులు. పైన డ్యూక్, తర్వాత మార్క్వెస్, ఎర్ల్, వైకౌంట్, అట్టడుగున బారన్. మార్క్వెస్ అంటే పై నుంచి రెండో మెట్టు. పెద్ద బిరుదు ఉన్న కుటుంబానికి చిన్న బిరుదులు కూడా ఉంటాయి. తండ్రి బతికుండగా వారసుడు వాటిలో ఒకదాన్ని మర్యాద కోసం వాడుకుంటాడు. అందుకే మన కథానాయకుడు రిచర్డ్ సేమోర్-కాన్వే ముందు వైకౌంట్ బోషాం, 1822 నుంచి ఎర్ల్ ఆఫ్ యార్మత్, 1842లో తండ్రి పోయాక మార్క్వెస్ ఆఫ్ హార్ట్‌ఫర్డ్. పాత ఉత్తరాలూ పత్రికలూ చదివేవాళ్ళు ఈ ముగ్గురూ వేరువేరు మనుషులనుకుని తికమకపడితే తప్పు వాళ్ళది కాదు.

బిరుదు సాధారణంగా సక్రమ వివాహంలో పుట్టిన మగ వారసుడికే పోతుంది. కొడుకు లేకపోతే తమ్ముడికి, తమ్ముడూ లేకపోతే దాయాదికి. దాన్ని ఎవరికీ రాసివ్వడానికి వీల్లేదు. ఆస్తి సంగతి అలా కాదు. కొంత భూమికి 'ఎన్‌టెయిల్' అనే కట్టు ఉంటుంది, అది బిరుదుతో పాటే వారసుడికి వెళ్ళిపోతుంది. ఆ కట్టు లేని ఆస్తిని యజమాని ఎవరికైనా రాసుకోవచ్చు.

మన వైపు పిత్రార్జితం, స్వార్జితం అనే తేడా ఉంది కదా, కొంతవరకు అలాంటిదే ఇదీ. కానీ పోలిక పూర్తిగా సరిపోదు. పిత్రార్జితంలో అందరూ వాటాదార్లు. ఇంగ్లండులో బిరుదు ఆస్తి ఒక్కడికే. ఆ పద్ధతి మనకు బొత్తిగా తెలియనిదేం కాదు. మద్రాసు ప్రెసిడెన్సీలో కొన్ని జమీందారీలు ముక్కలు కాకుండా పెద్దకొడుక్కే దక్కేవి, దానికోసం 1904లో చట్టం కూడా చేశారు. రెండో తేడా, హార్ట్‌ఫర్డ్ ఐర్లండు భూములు ఆయన సంపాదించినవి కావు. తాతముత్తాతలవే. అయినా వాటికి కట్టు లేదు. ఈ ఒక్క ముక్క గుర్తుపెట్టుకోండి, 1870 నాటి గొడవంతా దీని మీదే నడుస్తుంది.

ఇద్దరు తండ్రుల కూతురు, పారిస్ కొడుకు

రిచర్డ్ 1800లో లండన్‌లో పుట్టాడు. తల్లి మరియా ఫాన్యాని. ఆవిడ పుట్టుకే ఒక కథ. కాగితాల మీద ఆవిడ ఒక ఇటాలియన్ ప్రభువు కూతురు. అయితే క్వీన్స్‌బెరీ డ్యూక్, జార్జ్ సెల్విన్ అనే ఇద్దరు సంపన్న ఆంగ్లేయులు ఎవరికి వారు 'ఈ పిల్ల నా బిడ్డే' అని నమ్మారు. ఇద్దరూ ఆవిడకు పెద్దమొత్తాలు రాసిచ్చి పోయారు. హార్ట్‌ఫర్డ్ సంపదలో ఒక పాయ ఇలా వచ్చిందన్నమాట.

భర్తతో పొసగక మరియా 1802లో పారిస్ చేరింది. ఇంగ్లండుకూ ఫ్రాన్సుకూ మళ్ళీ యుద్ధం వచ్చినా అక్కడే ఉండిపోయింది. కొడుకు ఫ్రెంచి వాతావరణంలో పెరిగాడు. కొన్నాళ్ళు సైన్యంలో చేశాడు, 1822 నుంచి 1826 దాకా ఆంట్రిమ్ తరఫున పార్లమెంటులో కూర్చున్నాడు. ఆపైన ఇంగ్లండు ప్రజాజీవితంతో ఆయనకు పెద్దగా పని లేకపోయింది. ర్యూ లఫిత్ వీధిలో ఒక అపార్ట్‌మెంటు, 1835లో కొన్న బగతెల్ అనే చిన్న విలాస భవనం, ఇవే ఆయన ప్రపంచం. పెళ్ళి చేసుకోలేదు. లండన్‌లో మాంచెస్టర్ స్క్వేర్ ఇల్లు ఉంది గానీ ఆయన దాన్ని వాడుకున్నది చాలావరకు గోదాములానే. కొన్న బొమ్మలు కొన్నట్టు అక్కడికి చేరేవి, యజమాని మాత్రం పారిస్‌లో ఉండేవాడు.

డబ్బు ఎక్కడిది? ఒక చిన్న లెక్క

ఐర్లండులో లిస్‌బర్న్ పట్టణం చుట్టూ ఈ కుటుంబానికి దాదాపు 60,000 ఎకరాలుండేవి. కౌలు రూపంలో ఏటా 50,000 పౌండ్లకు పైగా వచ్చేది. భూముల వ్యవహారం స్టానస్ అనే మతగురువు, ఆయన తర్వాత ఆయన కొడుకు చూసేవాళ్ళు. హార్ట్‌ఫర్డ్ ఆ భూముల్ని చూడటానికి వెళ్ళింది జీవితంలో ఒక్కసారి, 1845లో. సరిగ్గా ఆ ఏడాదే బంగాళాదుంప తెగులుతో ఐర్లండులో మహాకరువు మొదలైంది.

ఇప్పుడు ఆయన కొన్న మూడు బొమ్మల్ని కౌలు రోజుల్లోకి మార్చి చూద్దాం. ఆ రోజుల్లో ఒక పౌండుకు సుమారు 25 ఫ్రాంకులు. 1865లో 'లాఫింగ్ కవలియర్'కు ఆయన 51,000 ఫ్రాంకులు ఇచ్చాడు, అంటే రమారమి 2,000 పౌండ్లు. ఏడాదికి 50,000 పౌండ్ల చొప్పున వేసుకుంటే అది పదిహేను రోజుల కౌలు. అదే ఏడాది ఫ్రాగొనార్ వేసిన 'ది స్వింగ్' (ఉయ్యాల ఊగుతున్న అమ్మాయి చెప్పు గాల్లోకి ఎగిరే బొమ్మ, ఎక్కడో ఒకచోట చూసే ఉంటారు) 30,200 ఫ్రాంకులకు దొరికింది. తొమ్మిది రోజులు కూడా కాదు. 1856లో రూబెన్స్ 'ఇంద్రధనుస్సు' ప్రకృతిచిత్రానికి 4,550 పౌండ్లు పెట్టాడు. అప్పట్లో అది అదిరిపోయే ధర. అయినా లిస్‌బర్న్ లెక్కలో నెల రోజుల మీద మూడు రోజులు.

ఇది మోటు లెక్కే. కౌలులో ఖర్చులు పోతాయి, మరోవైపు ఆయనకు వేరే ఆదాయాలూ ఉన్నాయి. కానీ వేలంలో ఆయన ఎదురుగా కూర్చున్నవాళ్ళకు ఎలా ఉండేదో ఈ లెక్క చెబుతుంది. 'లాఫింగ్ కవలియర్' వేలంలో పోటీ పడింది సాక్షాత్తు పారిస్ బ్యాంకరు బారన్ జేమ్స్ రోత్‌షీల్డ్. అంచనా వేసిన ధరకు ఆరు రెట్లు దాటేదాకా ఇద్దరూ వదల్లేదు. హాల్స్‌కు అప్పటికి అంత పెద్ద పేరేం లేదు. ఆ పోటీ తర్వాతే ధరా పేరూ రెండూ పెరిగాయి.

ఏం కొన్నాడు, ఎలా కొన్నాడు

సేకరణ ఈయనతో మొదలవలేదు. ముందు ముగ్గురు మార్క్వెస్‌లూ ఎంతో కొంత కొన్నారు. మూడో ఆయన, అంటే ఈయన తండ్రి, 1815లో టిషియన్ వేసిన 'పెర్సియస్ అండ్ ఆండ్రోమెడా' సంపాదించాడు. స్పెయిన్ రాజు రెండో ఫిలిప్ కోసం గీసిన మహా చిత్రాల్లో అదొకటి. తర్వాత దాని విలువ ఇంట్లోవాళ్ళే మరిచిపోయారు. 1900 ప్రాంతంలో మ్యూజియం తొలి క్యూరేటర్ క్లాడ్ ఫిలిప్స్ గుర్తుపట్టేదాకా అది స్నానపుతొట్టి పైన గోడకు వేలాడుతోంది!

నాలుగో మార్క్వెస్ కొనుగోళ్ళ తీరు వేరు. లండన్‌లో శామ్యూల్ మాసన్ అనే డీలర్ ఆయన తరఫున వేలాలకు వెళ్ళేవాడు. ఇద్దరి మధ్య నడిచిన ఉత్తరాలు మిగిలాయి. వాటిలో హార్ట్‌ఫర్డ్ తన అభిరుచిని దాచుకోలేదు. కంటికి ఇంపుగా ఉండే బొమ్మలే తనకు కావాలి. చాలాసార్లు బొమ్మను చూడకుండానే మాసన్ మాట మీద కొనేసేవాడు. బొమ్మ పాతబడి చెడిపోయిందా, చేతివాటం అసలుదేనా అని మాత్రం పదేపదే అడిగేవాడు. డబ్బు లెక్కచేయని మనిషిలా కనిపిస్తాడు గానీ, ఉత్తరాల్లో బేరం తెలిసిన మనిషే కనపడతాడు.

ఆయన గొప్పతనం ధరలు పెట్టడంలో లేదు. వాతో, బూషే, ఫ్రాగొనార్ లాంటి పద్దెనిమిదో శతాబ్దపు ఫ్రెంచి చిత్రకారులు విప్లవం తర్వాత ఫ్యాషన్ తప్పారు. రాజుల కాలపు సోకు అని జనం మొహం తిప్పుకున్నారు. హార్ట్‌ఫర్డ్ ఆ బొమ్మల్నీ, అదే కాలపు సెవ్ర్ పింగాణీనీ, ఇత్తడి, తాబేటి చిప్ప పొదిగిన బూల్ కుర్చీబల్లల్నీ దశాబ్దాల పాటు ఏరాడు. ఆ శైలికి మళ్ళీ గౌరవం రావడంలో ఆయన చేయి ఉంది. చివరి పదేళ్ళలో తూర్పుదేశాల ఆయుధాల మీద పడ్డాడు. భారతీయ కత్తులూ బాకులూ ఆ మ్యూజియంలో ఇన్ని ఉండటానికి కారణం అదే. వాటిలో రంజిత్ సింగ్‌దని చెప్పే కత్తి కూడా ఉంది, 2024లో మ్యూజియం ఆ మహారాజు మీద ప్రత్యేక ప్రదర్శన పెట్టింది.

ఈయన్ని ఎలా అంచనా వేయాలన్న దాని మీద రెండు వాదాలున్నాయి. ఐర్లండు వైపు నుంచి చూసేవాళ్ళకు ఈయన పొలం మొహం చూడని భూస్వామి. కరువు రోజుల్లో కౌలు సముద్రం దాటి పారిస్ వేలంపాటల్లో కరిగిపోయిందంటారు. కళ వైపు నుంచి చూసేవాళ్ళు, ఆ తరగతివాళ్ళలో చాలామంది ఆ డబ్బునే గుర్రపు పందేల్లోనూ జూదంలోనూ తగలేశారు, ఈయన కొన్నవి కనీసం అందరికీ మిగిలాయి అంటారు. రెండూ నిజాలే. కాకపోతే అవి అందరికీ మిగలాలని ఆయన అనుకున్నట్టు ఎక్కడా ఆధారం లేదు. 1857లో మాంచెస్టర్ మహా ప్రదర్శనకు 44 బొమ్మలు అరువిచ్చాడు. అలా ప్రదర్శనలకు అరువివ్వడం మించి ప్రజల కోసం చేసిన ప్రయత్నమేదీ కనపడదు. ఆ పని చేసింది తర్వాతివాళ్ళు.

రిచర్డ్ వాలెస్ ఎవరి కొడుకు?

1818లో లండన్‌లో ఆగ్నెస్ జాక్సన్ అనే ఆవిడకు ఒక కొడుకు పుట్టాడు. ఆరేళ్ళు నిండాక ఆ పిల్లవాడు పారిస్‌లో మరియా దగ్గరికి చేరాడు. ఆవిడే పెంచింది. పెద్దయ్యాక హార్ట్‌ఫర్డ్‌కు కార్యదర్శిగా, కొనుగోళ్ళలో కుడిభుజంగా ఉన్నాడు. 1842లో బాప్తిస్మం తీసుకుని, తల్లి పుట్టింటి పేరు పెట్టుకుని రిచర్డ్ వాలెస్ అయ్యాడు.

చాలామంది చరిత్రకారులు ఇతన్ని హార్ట్‌ఫర్డ్‌కు పద్దెనిమిదేళ్ళ వయసులో పుట్టిన బిడ్డగా తీసుకుంటారు. లేకపోతే ఆ ఇంట్లో ఎందుకు పెరుగుతాడు, అంత ఆస్తి ఎందుకు రాస్తాడు అన్నది వాళ్ళ ప్రశ్న. ఎదుటివాదం కూడా తేలికైంది కాదు. హార్ట్‌ఫర్డ్ ఎన్నడూ కొడుకని ఒప్పుకోలేదు, వీలునామాలో కూడా ఆ మాట లేదు. మరియాకే వివాహేతరంగా పుట్టిన బిడ్డ కావచ్చని, అంటే హార్ట్‌ఫర్డ్‌కు తమ్ముడు కావచ్చని అనేవాళ్ళూ ఉన్నారు. తేల్చే పత్రం లేదు. పైగా చట్టం దృష్టిలో వీటిలో ఏది నిజమైనా ఫలితం ఒకటే. బిరుదు రాదు.

1870: మూడు వారాల ముందు

హార్ట్‌ఫర్డ్ 1870 ఆగస్టు 25న బగతెల్‌లో కన్నుమూశాడు. మరో మూడున్నర వారాలకు జర్మన్ సేనలు పారిస్‌ను చుట్టుముట్టాయి. బిరుదు, రాగ్లీ హాల్ అనే కుటుంబపు భవంతి, కట్టు ఉన్న భూములు దాయాదికి వెళ్ళాయి, ఆయన ఐదో మార్క్వెస్ అయ్యాడు. మిగతాదంతా, అంటే ఐర్లండు భూములు, పారిస్ ఇళ్ళు, మొత్తం కళాసేకరణ, ఎవరికి?

సమాధానం 1850లో వీలునామాకు జతచేసిన ఒక అనుబంధంలో ఉంది. తన తల్లిని శ్రద్ధగా చూసుకున్నందుకు, 1840లో తాను పారిస్‌లో చాలాకాలం జబ్బుపడితే అంటిపెట్టుకుని ఉన్నందుకు ప్రతిఫలంగా మిగిలిన ఆస్తి రిచర్డ్ వాలెస్‌కు చెందాలని అందులో రాశాడు. ఆ నాలుగు మాటలే ఈ మ్యూజియానికి పునాది. బంధువులు ఊరుకోలేదు, ఐర్లండు భూముల మీద కోర్టుకెక్కారు. చివరికి వాలెస్ పెద్దమొత్తం ఇచ్చి రాజీ చేసుకున్నాడు. లండన్ హార్ట్‌ఫర్డ్ హౌస్ కూడా ఆయనకు ఊరికే రాలేదు, ఐదో మార్క్వెస్ దగ్గర లీజు కొనుక్కున్నాడు.

యాభై రెండేళ్ళ వయసులో కోటీశ్వరుడైన ఈ మనిషి ముట్టడిలో చిక్కిన పారిస్ కోసం ఆ డబ్బును ధారపోశాడు. గాయపడ్డవాళ్ళకు ఆసుపత్రి బండ్లు, పేదలకు తిండి, కట్టెలు. ముట్టడి చివర్లో నగరం వదిలి ఎగిరిన బెలూన్లలో ఒకదానికి పారిస్‌వాళ్ళు ఆయన పేరే పెట్టారు. 1872లో వీధుల్లో ఉచితంగా మంచినీళ్ళు దొరికేలా యాభై పచ్చటి ఇనుప ఫౌంటెన్లు బహూకరించాడు. నలుగురు స్త్రీమూర్తులు గుమ్మటం మోస్తున్నట్టుండే ఆ ఫౌంటెన్లను నేటికీ 'వాలెస్' అనే పిలుస్తారు.

1871లో పారిస్ కమ్యూన్ అనే తిరుగుబాటు కల్లోలం చూశాక సేకరణలో మేలైన భాగాన్ని లండన్‌కు తరలించాడు. ఇల్లు సిద్ధమయ్యేలోపు, 1872 నుంచి 1875 దాకా, బొమ్మల్ని తూర్పు లండన్ పేదవాడ బెత్నల్ గ్రీన్‌లో జనానికి చూపించాడు. ఐరోపా కవచాలు, మధ్యయుగపు కళాఖండాలు ఎక్కువగా ఆయన కొన్నవే. 1871లో న్యూవెర్‌కెర్క్ ప్రభువు ఆయుధాల సేకరణను గంపగుత్తగా తీసుకున్నాడు. కాబట్టి మ్యూజియానికి ఆయన పేరు ఉండటం మరీ అన్యాయమేం కాదు. అయినా పై అంతస్తులో జనం గుమిగూడే బొమ్మలన్నీ దాదాపుగా హార్ట్‌ఫర్డ్‌వే.

కింది అంతస్తు, పై అంతస్తు: మిగిలిన సగం సంగతి

వాలెస్ 1890లో, అదే బగతెల్‌లో పోయాడు. ఒక్కగానొక్క కొడుకు అంతకు మూడేళ్ళ ముందే పోయాడు. అంతా భార్య జూలీ అమెలీకి దక్కింది. పారిస్‌లో ఒకప్పుడు అత్తరు దుకాణంలో పనిచేసిన మనిషి ఆవిడ. 1897లో చనిపోతూ హార్ట్‌ఫర్డ్ హౌస్ కింది అంతస్తులోనూ మొదటి అంతస్తులోనూ ఉన్న కళాఖండాలను దేశానికి రాసింది. వాలెస్ కలెక్షన్ అంటే ఇదే, 5,500 దాకా వస్తువులు. 1900లో తెరిచారు, ప్రవేశం ఉచితం. పెళ్ళి చేసుకోని మూడో సాలార్‌జంగ్ 1949లో పోయాక ఆయన సేకరణ హైదరాబాదులో మ్యూజియం అయిన తీరు తెలిసినవాళ్ళకు ఈ దారి కొంత పరిచయంగానే అనిపిస్తుంది.

పారిస్‌లో మిగిలిపోయిన సొత్తు ఆ వీలునామాలో దేశానికి రాలేదు. అది కార్యదర్శి జాన్ ముర్రే స్కాట్‌కు పోయింది. ఆయన బగతెల్‌ను 1905లో పారిస్ నగరానికి అమ్మాడు. 1912లో చనిపోతూ ర్యూ లఫిత్ సామాను తన స్నేహితురాలు లేడీ సాక్‌విల్‌కు రాశాడు. స్కాట్ తోబుట్టువులు దావా వేశారు. 1913లో ఆవిడే గెలిచింది, గెలిచి మొత్తాన్ని జాక్ సెలిగ్మన్ అనే డీలర్‌కు అమ్మేసింది. అది ముక్కలు ముక్కలుగా లోకమంతా చెదిరిపోయింది. ఒకే ఇంటివాళ్ళ చేతుల్లో పోగైన సేకరణలో లండన్ ఇంట్లో ఉన్నది చెక్కుచెదరలేదు, పారిస్ ఇంట్లో ఉన్నది మాయమైంది. తేడా వస్తువు ఏ ఇంట్లో ఉందన్నది ఒక్కటే.

'కలపకూడదు' అంటే ఏమిటి?

లేడీ వాలెస్ షరతు ఇది: సేకరణ ఒక్కచోటే ఉండాలి, వేరే కళాఖండాలతో కలపకూడదు. ఈ మాటను వందేళ్ళకు పైగా రెండు నిషేధాలుగా చదువుకున్నారు. కొత్తవి చేర్చరాదు, ఉన్నవి బయటికి పంపరాదు.

మొదటిది స్పష్టమే. రెండోదే తగువు. అరువు వద్దనేవాళ్ళు, దాత మాట మీద నమ్మకంతోనే ఇంకొకరు దానం చేస్తారు, ఇప్పుడు సడలిస్తే రేపు ఇచ్చేవాళ్ళు జంకుతారు అంటారు. ఫలానా బొమ్మ చూడాలని దూరం నుంచి వచ్చినవాళ్ళకు ఖాళీ గోడ చూపించడం భావ్యమా అన్నది వాళ్ళ ఇంకో ప్రశ్న. పంపొచ్చనేవాళ్ళు అసలు షరతులో 'అరువు' అనే మాటే లేదంటారు. తాత్కాలికంగా వెళ్ళి తిరిగొచ్చేది సేకరణ నుంచి విడిపోయినట్టు కాదన్నది వాళ్ళ వాదం. పైగా రెండు ప్రపంచ యుద్ధాల్లోనూ బొమ్మల్ని భద్రత కోసం వేరేచోటికి తరలించారు. 2009లో డేమియన్ హర్స్ట్ కొత్త బొమ్మల్ని ఇదే ఇంట్లో ప్రదర్శించారు కూడా. 'కలపకూడదు' అన్నచోట పొరుగు బొమ్మలు లోపలికి రావచ్చు గానీ సొంత బొమ్మ గుమ్మం దాటకూడదు అనడం నాకైతే కాస్త విడ్డూరంగానే తోస్తుంది. గ్లాస్గోలో బరెల్ సేకరణకు ఇలాంటి చిక్కే వస్తే స్కాట్లండ్ పార్లమెంటు 2014లో ఏకంగా చట్టమే చేసింది.

వాలెస్ ట్రస్టీలు పార్లమెంటు దాకా వెళ్ళలేదు. బ్రిటన్‌లో ధర్మసంస్థలను చూసే చారిటీ కమిషన్‌ను అడిగారు. తాత్కాలిక అరువుకు 2019లో అనుమతి దొరికింది. మొదట వెళ్ళింది టిషియన్ బొమ్మ. ఒకప్పుడు స్నానపుతొట్టి పైన వేలాడిన 'పెర్సియస్ అండ్ ఆండ్రోమెడా' 2020లో నేషనల్ గ్యాలరీలో రెండో ఫిలిప్ నాటి తన తోబుట్టువు చిత్రాల పక్కకు చేరింది. 'లాఫింగ్ కవలియర్' వంతు 2023లో వచ్చింది. లండన్‌లో ప్రదర్శన అయ్యాక 2024లో అది సముద్రం దాటి ఆమ్‌స్టర్‌డామ్ రైక్స్ మ్యూజియానికి, హాల్స్ సొంత దేశానికి వెళ్ళి, మళ్ళీ మాంచెస్టర్ స్క్వేర్‌కు తిరిగొచ్చింది.